పోయే కరెంటుకి పది నిమిషాల పూచీ

పోయిన సంచికలో గీజరు గురించి రాశాక ఫోను చేసినవారూ, మన సంఘం ఉగాది భోజనాల్లో పక్క ఆకు ముందు కూర్చుని పులిహోర తింటూనే ప్రశ్నలు వేసినవారూ, ఎక్కువమంది అడిగింది ఒక్క వస్తువు గురించే. కంప్యూటరు బల్ల కింద దుమ్ము కొట్టుకుని పడి ఉండి, కరెంటు పోగానే మాత్రం కుయ్ కుయ్‌మని అరిచి ఇల్లంతా లేపే ఆ నల్ల డబ్బా. యు.పి.ఎస్. ఎంతది కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఎందుకు అరుస్తుంది, ఎప్పుడు ఊరుకుంటుంది? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తే పోతుందని సంపాదకులవారు అన్నారు. సరేనన్నాను.

మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ సంగతి తెలియనివారికి ఒక మాట. హోసూరు రోడ్డుకీ సర్జాపూర్ రోడ్డుకీ మధ్య బి.డి.ఎ. వేసిన లేఅవుట్ కాబట్టి ఆ పేరు. అగర చెరువు నుంచి సోమసుందరపాళ్య దాకా ఏడు సెక్టార్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చిన నాటి నుంచి ఇక్కడ ఇల్లేదో ఆఫీసేదో చెప్పడం కష్టమైంది. భోజనాల బల్ల మీద ఒక లాప్‌టాప్, పడకగదిలో ఇంకొకటి, పిల్లవాడి చదువుకి ఒక డెస్క్‌టాప్. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి ఆకాశం నల్లబడి గాలి లేచిందంటే, "కరెంట్ హోయ్తా?" అని ఎదురింటి కన్నడ ఆవిడ బాల్కనీలోంచి అడుగుతారు. మనం "పోయిందండీ" అంటాం. 1905 ఆగస్టు 5న శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటుతో ఈ ఊళ్ళో వీధి దీపాలు వెలిగాయి. నూట ఇరవై ఏళ్ళు దాటినా వానకీ చెట్టుకొమ్మకీ తీగకీ మధ్య తగవు మాత్రం తీరలేదు.

అసలు యు.పి.ఎస్. అంటే ఏమిటో ముందు చూద్దాం. అన్‌ఇంటరప్టిబుల్ పవర్ సప్లై, అంటే మధ్యలో తెగకుండా కరెంటు ఇచ్చేది. పేరు పెద్దదే గాని, దాని పూచీ చిన్నది. ఇళ్ళల్లో వాడే 600 వి.ఏ. రకం లోపల 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డు బ్యాటరీ ఒకటి ఉంటుంది. పన్నెండేళ్ళు ఎనభై నాలుగు: 84 వాట్-అవర్లు అన్నమాట. అది కాగితం మీద లెక్క. నెమ్మదిగా ఇరవై గంటల్లో వాడుకుంటేనే ఆ 7 దక్కుతుంది. పది నిమిషాల్లో పీల్చేస్తే దాదాపు సగమే ఇస్తుంది, అందులో కొంత 230 వోల్టులుగా మార్చడంలో వేడిగా పోతుంది. కాబట్టి కొత్త బ్యాటరీ మీద 100 వాట్ల సామాను పావుగంట, ఇరవై నిమిషాలు నడవవచ్చు. 200 వాట్లయితే ఆరేడు నిమిషాలు. రెండేళ్ళు వాడాక ఇందులో సగమే అనుకోండి. సినిమా సగంలో ఆగకుండా చూడటానికి ఇది పనికిరాదు. చేస్తున్న పని భద్రపరుచుకుని కంప్యూటరును మర్యాదగా ఆపడానికి ఇచ్చే గడువు ఇది.

ఆ గడువుకి అంత విలువ ఎందుకూ అంటే, కంప్యూటరు డిస్కు మీద ఏదో రాస్తూ ఉన్న క్షణంలో కరెంటు తెగితే, ఆ ఫైలు ఒక్కటే కాదు, ఏ ఫైలు ఎక్కడ ఉందో రాసుకున్న పట్టిక కూడా చెడే వీలుంది. మా అపార్టుమెంటులో ఒక లెక్కల మాస్టారు పదకొండేళ్ళ ప్రశ్నపత్రాలు ఒకే డిస్కులో పెట్టుకున్నారు. ఒక వర్షాకాలంలో నాలుగు రోజుల్లో ఇరవైసార్లు కరెంటు వచ్చి పోయింది. ఐదో రోజు ఆ డిస్కు తెరుచుకోలేదు. బాగుచేసేవాళ్ళు సగం తీయగలిగారు. మిగతా సగం ఆయన మళ్ళీ చేత్తో రాస్తున్నారు. అయితే యు.పి.ఎస్. ఉన్నా రెండో ప్రతి విడిగా ఉండాల్సిందే. డిస్కు పాడవడానికి కరెంటు ఒక్కటే కారణం కాదు.

కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో లాప్‌టాపే ఉంటే మీకు యు.పి.ఎస్. అక్కర్లేదు. లాప్‌టాప్ బ్యాటరీయే దాని యు.పి.ఎస్. ఆగిపోయేది వై-ఫై రూటరు. దానికి అరచేతిలో పట్టే చిన్న డి.సి. యు.పి.ఎస్.లు వస్తున్నాయి. రూటరుతో వచ్చిన అడాప్టరు మీద ఎన్ని వోల్టులని ఉందో (9 ఉంటుంది, లేదా 12) అదే తీసుకోవాలి. ఎన్ని ఆంపియర్లని ఉందో దానికి తగ్గకూడదు. ఇంకొక చిక్కు ఉంది. రూటరు వెలుగుతున్నా ఇంటర్నెట్ రాదు కొందరికి. మేడమెట్ల దగ్గరో టెర్రస్ మీదో కేబులువాళ్ళు తగిలించిన పెట్టెకి కరెంటు పోయి ఉంటుంది. ఆ పెట్టెకి బ్యాటరీ ఉందో లేదో అడిగి తెలుసుకోకుండా మీరు ఇంట్లో ఎన్ని బ్యాటరీలు పెట్టినా ఫలితం సున్నా.

ఇంట్లో ఇన్వర్టరు ఉందిగా, వేరే యు.పి.ఎస్. ఎందుకని మరికొందరు అడిగారు. ఇన్వర్టరు దీపాలకీ ఫ్యాన్లకీ పుట్టింది. కరెంటు పోయి అది అందుకునేలోపు పట్టే క్షణకాలం ఫ్యానుకి పట్టదు గాని, కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక ఒక మీట ఉంటుంది, ఒకవైపు నార్మల్ అనో ఎకో అనో, మరోవైపు యు.పి.ఎస్. అనో. యు.పి.ఎస్. వైపు తిప్పితే త్వరగా మారుతుంది, వోల్టేజి హద్దులు కూడా బిగువుగా చూసుకుంటుంది. మా అంతస్తులోనే ముగ్గురి ఇళ్ళల్లో ఆ మీట సంగతి కొన్ననాటి నుంచి ఎవరికీ తెలియదు. డబ్బా వెనక్కి ఒకసారి చూడండి.

ఇక సైజు. డబ్బా మీద 600 వి.ఏ. అని పెద్ద అక్షరాలు ఉంటాయి. 360 వాట్లు అని మూల ఎక్కడో చిన్న అక్షరాలు ఉంటాయి. మనకి కావలసింది చిన్న అక్షరాలు. వి.ఏ.కీ వాట్లకీ తేడా కొబ్బరికాయ బరువుకీ లోపల కొబ్బరి బరువుకీ ఉన్న తేడా లాంటిది. మామూలు డెస్క్‌టాపు, తెర, రూటరు కలిపి 100 నుంచి 200 వాట్ల లోపే తీసుకుంటాయి. ఆటలాడే పిల్లల కంప్యూటరైతే లోపలి గ్రాఫిక్స్ కార్డును బట్టి 400 కూడా దాటుతుంది, దానికి 600 వి.ఏ. చాలదు. పైగా ఈ కొత్త కంప్యూటర్లలో ఉండే కొన్ని పవర్ సప్లైలకి చవక యు.పి.ఎస్.లు ఇచ్చే మెట్లుమెట్లుగా ఉండే కరెంటు గిట్టదు. బ్యాటరీ మీదకి మారగానే టక్కున ఆగిపోతాయి. ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉన్నది అడగండి. కొనేముందు ఎస్.పి. రోడ్డులోనో మీ వీధి అంగడిలోనో మీ కంప్యూటరు వివరం చెప్పి, నచ్చకపోతే మారుస్తామన్న మాట బిల్లు మీద రాయించుకోండి.

సైజు విషయంలో నేను మరిచిపోలేని లెక్క ఒకటుంది. 2021 మే నెల, రెండో అల ఉధృతంగా ఉన్న రోజులు. మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు, ఆక్సిజన్ కాన్సంట్రేటరు మీద ఉన్నారు. కూతురు ఒక్కతే తోడు. ఆ అమ్మాయి తన ఆఫీసు కంప్యూటరు యు.పి.ఎస్. విప్పి తల్లి మంచం పక్కకి తెచ్చింది. "అంకుల్, కరెంటు పోతే ఇది ఎంతసేపు లాగుతుంది?" అని అడిగింది. నిమిషానికి 5 లీటర్ల యంత్రం 300 నుంచి 400 వాట్లు తింటుంది, లోపల కంప్రెసరు మోటారు ఉంది కాబట్టి మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఈ డబ్బా ఎత్తగలిగేదే 360. ఎత్తితే మూడు నాలుగు నిమిషాలు, లేకపోతే ఆ క్షణమే ఓవర్‌లోడ్ అని చేతులెత్తేస్తుంది. ఆ మాట అమ్మాయితో అనడం నాకు కష్టమైంది గాని అనక తప్పలేదు. డాక్టరును అడిగి ఒక చిన్న సిలిండరు అద్దెకి తెప్పించాం. అది పడిపోకుండా కిటికీ ఊచకి గొలుసు కట్టాం. గొట్టం ఇందులోంచి అందులోకి ఎలా మార్చాలో తెచ్చినాయన దగ్గర ఆ అమ్మాయి నాలుగుసార్లు చేసి చూపించేదాకా వదల్లేదు. ఆ గదిలో దీపం గాని, అగరువత్తి గాని వెలిగించవద్దని పూజ గూడు హాల్లోకి మార్చాం. పది రోజులకి ఒక రాత్రి కరెంటు గంటన్నర పోయింది. చీకట్లో, టార్చి నోట్లో పెట్టుకుని, ఆ పిల్ల ఒక్కతే గొట్టం మార్చింది. మర్నాడు చెబితే గాని మాకు తెలియలేదు. కంప్యూటరు యు.పి.ఎస్. కంప్యూటరుకే. ఇంట్లో ప్రాణం నిలిపే యంత్రం ఉంటే దానికి ఏర్పాటు వేరే చెయ్యాలి, డాక్టరునీ యంత్రం ఇచ్చినవాళ్ళనీ అడిగి చెయ్యాలి.

లేజర్ ప్రింటరు, ఇస్త్రీ పెట్టె, మిక్సీ, గది హీటరు వీటిని యు.పి.ఎస్. వెనక గుచ్చకూడదు. లేజర్ ప్రింటరు లోపల కాగితం మీద పొడిని కరిగించే వేడి గొట్టం ఉంటుంది, వేడెక్కేటప్పుడు వందలకొద్దీ వాట్లు ఒక్కసారి గుంజుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి గొలుసు కట్టడమూ అలాంటిదే. యు.పి.ఎస్. వైరు సరాసరి గోడ సాకెట్టుకే వెళ్ళాలి.

గోడ సాకెట్టు అంటే ఎర్తింగు మాట వస్తుంది. మీ ఓపిక కోరుతున్నాను, ఇక్కడ కాస్త ఎక్కువ రాయాలి. "సి.పి.యు. డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందండీ, చెప్పులు వేసుకుంటే ఫరవాలేదు" అని చెప్పినవారు ఒక్కరు కాదు. చెప్పులు వేసుకోవడం దీనికి మందు కాదు. కంప్యూటరు పవర్ సప్లైలో, తీగల్లోని రొద వడకట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బయటి లోహపు డబ్బాకి కలిపి ఉంటాయి. డబ్బాకి ఎర్తు ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే ఆ డబ్బా రెంటికీ నడుమ, అంటే 230లో సగం, 115 వోల్టుల దగ్గర వేలాడుతుంటుంది. కెపాసిటరు గుండా వచ్చేది చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కాని అది చెప్పే కబురు వేరు. మీ సాకెట్టులో ఎర్తు లేదు. రేపు లోపల నిజంగానే ఫేజు తీగ డబ్బాకి తగిలితే ఆపేవాడు ఎవడూ లేడు.

మూడు పిన్నుల ప్లగ్గులో పైది లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? మిగిలిన రెండింటికన్నా ముందు అది తగలాలి, వాటికన్నా ఆఖరున అది విడవాలి. అంత ఆలోచించి చేసిన పిన్నును కొందరు రంపంతో కోసి రెండు పిన్నుల బోర్డులో గుచ్చుతారు. అద్దె ఇళ్ళల్లో ఇంకో రకం. మూడు రంధ్రాల సాకెట్టు అందంగా ఉంటుంది, విప్పి చూస్తే పై రంధ్రం వెనక తీగే ఉండదు. కాబట్టి యు.పి.ఎస్. ఇంటికి తెచ్చిన రోజు ఎలక్ట్రీషియన్ను పిలిచి మల్టీమీటరుతో మూడు కొలతలు తీయించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా అంతే. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఆ మూడోది పదీ ఇరవై చూపిస్తే, ఎర్తు గుంత ఎండి ఉండవచ్చు, ఎక్కడో న్యూట్రల్ వదులై ఉండవచ్చు. కారణం తేలేదాకా యు.పి.ఎస్. పెట్టెలోనే ఉంచండి. ఆ కొలత మనం తీసేది కాదు. కరెంటు ఉన్న సాకెట్టులో మీటరు ముళ్ళు పెట్టడం పనివాడి పని.

న్యూట్రల్ మాట వచ్చింది కాబట్టి: మన వీధికి మూడు ఫేజులు వస్తాయి, ఇళ్ళకి తలా ఒకటి పంచి, తిరుగుదారి న్యూట్రల్ అందరికీ ఒకటే. గాలివానకి ఆ ఉమ్మడి న్యూట్రల్ తెగిందనుకోండి, ఫేజుకీ ఫేజుకీ మధ్య ఉండే 400 వోల్టులు ఇళ్ళ మధ్య ఎవరి వాడకాన్ని బట్టి వారికి చీలిపోతాయి. ఎక్కువ వాడుతున్న ఇంట్లో దీపాలు మిణుకుమంటాయి. తక్కువ వాడుతున్న ఇంట్లో భగ్గుమని వెలుగుతాయి, ఆ ఇంట్లో టీవీలూ ఛార్జర్లూ మాడిపోతాయి. లైటు ఉన్నట్టుండి మామూలుకన్నా తెల్లగా వెలిగినా, ఫ్యాను విమానంలా తిరిగినా వెంటనే మెయిన్ ఆపేసి 1912కి ఫోను చెయ్యండి. యు.పి.ఎస్. ఆ దెబ్బకి కాచుకుంటుందని నమ్మవద్దు, చాలాసార్లు ముందు పోయేది అదే.

ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకున్నవారు అదృష్టవంతులు. అయితే యు.పి.ఎస్. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు దాని వెనకవైపు జరిగేది ఆ ఆర్.సి.సి.బి.కి కనబడదు. మెయిన్ ఆపినా, గోడలోంచి వైరు పీకి చేత్తో పట్టుకున్నా, యు.పి.ఎస్. వెనక రంధ్రాల్లో 230 వోల్టులు ఉండనే ఉంటాయి. పాకే పిల్లలున్న ఇంట్లో ఆ వెనకభాగం గోడవైపు తిప్పి ఉంచండి. గాలి ఆడటానికి జానెడు చోటు వదిలి మాత్రం సుమా.

ఎక్కడ పెట్టాలన్నది తరువాతి సంగతి. లోపలున్నది సీసం, గంధకామ్లం. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ. ఎక్కువ ఛార్జింగు పడితే నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు వస్తుంది, గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే నిప్పురవ్వకి అంటుకుంటుంది. సీల్డు బ్యాటరీలో ఆ వాయువు లోపలే మళ్ళీ నీరవుతుంది, మరీ ఎక్కువైతేనే కవాటం తెరుచుకుంటుంది. ఇన్వర్టర్లకి వాడే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ అలా కాదు, ఎప్పటికప్పుడు బయటికి వదులుతుంది, అందుకే దానికి డిస్టిల్డ్ వాటర్ పోస్తుంటాం. ఆ పెద్ద బ్యాటరీని మెట్ల కింద అలమరలో పెట్టి తలుపు మూసేవారూ, దాని మీదే దీపం పెట్టేవారూ ఉన్నారు. దయచేసి వద్దు. చిన్న యు.పి.ఎస్. అయినా బట్టల బీరువాలో గాని, మంచం కింద దుప్పట్ల మధ్య గాని ఉండకూడదు. వాయువు సంగతి అటుంచి, వేడి దాని శత్రువు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది. బెంగళూరు చల్లని ఊరే కావచ్చు, మూసిన అలమరలో ఉండేది బెంగళూరు కాదు, రెంటచింతల.

నేల మీద కూడా వద్దు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా నీళ్ళు నిలిచి ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి వెళ్ళిన దృశ్యం అందరం చూశాం. గ్రౌండ్ ఫ్లోరులో ఉన్నవారు యు.పి.ఎస్.నీ, నేలకి దగ్గరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డునీ రెండడుగుల ఎత్తు బల్ల మీదకి చేర్చుకోండి. తడిసిన యు.పి.ఎస్. ఎండాక పనిచేసినా దాన్ని మళ్ళీ వాడవద్దు.

లిథియం బ్యాటరీ యు.పి.ఎస్.లు వస్తున్నాయి, అవి మంచివా అని ఒకరు అడిగారు. తేలిక, ఎక్కువ ఏళ్ళు వస్తాయి, నిజమే. కాని 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలో ఏం జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. పడకగదిలో ఛార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటాయన చనిపోయారు, భార్యకి గాయాలయ్యాయి. అదే సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో లేచిన మంటల పొగ పైనున్న హోటలుకి పాకి 8 మంది పోయారు. స్కూటరు బ్యాటరీ యు.పి.ఎస్. బ్యాటరీకన్నా ఎన్నో రెట్లు పెద్దది, రెండూ ఒకటని నేననను. అయినా నిద్రపోయే గదిలోనూ బయటికి వెళ్ళే దారిలోనూ ఏ బ్యాటరీ ఛార్జింగుకీ చోటివ్వవద్దని నా అభిప్రాయం. లిథియంది కొంటే పేరున్నది, బి.ఐ.ఎస్. గుర్తున్నది, దానికిచ్చిన ఛార్జరుతోనే.

బ్యాటరీ చెడుతున్నదని ఎలా తెలుస్తుంది? గడువు తగ్గుతుంది, అది మొదటి గుర్తు. డబ్బా వెచ్చగా ఉంటుంది. లోపల బ్యాటరీ బూరెలా ఉబ్బుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చిందంటే ఆలస్యం చెయ్యవద్దు. గోడ స్విచ్చి ఆపండి, యు.పి.ఎస్. ఆపండి, కిటికీలు తెరవండి, చల్లారేదాకా ముట్టుకోవద్దు. పొగో మంటో కనిపిస్తే నీళ్ళు కుమ్మరించవద్దు. అందరూ బయటికి వచ్చి 101కో 112కో ఫోను చెయ్యండి. ఆ డబ్బా విలువ ఎంతని!

మామూలుగా రెండు మూడేళ్ళకి బ్యాటరీ మార్చాలి. మార్చడం తేలికే గాని, మన ఇళ్ళల్లో ఒక జాగ్రత్త అవసరం. చేతికి ఉంగరం, గాజులు, కడియం, మెళ్ళో వేలాడే గొలుసు అన్నీ తీసేసి మరీ కూర్చోవాలి. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు నిజమే. ఎర్ర కొసకీ నల్ల కొసకీ అడ్డంగా బంగారు గాజు పడితే మాత్రం వంద ఆంపియర్ల పైన ప్రవహిస్తుంది, క్షణంలో గాజు ఎర్రగా కాలి చేతికి అంటుకుపోతుంది. బంగారం మంచి కండక్టరు మరి! ముందు యు.పి.ఎస్. ఆపి, గోడలోంచి ప్లగ్గు తీసి, తీగలు ఒక్కొక్కటిగా విప్పండి. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. రెండు బ్యాటరీలున్న పెద్దదైతే రెండూ ఒకేసారి మార్చండి. పాతదీ కొత్తదీ జతచేస్తే పాతది కొత్తదాన్ని కూడా తనతో తీసుకుపోతుంది. ఆమ్లం కారినట్టుంటే ముట్టుకోకుండా పనివాణ్ణి పిలవండి. చర్మానికో కంటికో తగిలితే కుళాయి నీళ్ళ కింద పావుగంటైనా కడిగి, కన్నయితే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

కొత్తది తెచ్చాక ఆత్రపడి వెంటనే కంప్యూటరు తగిలించకండి. ఎనిమిది గంటలు ఛార్జింగులో వదిలేసి, ఆ తర్వాత పరీక్ష చెయ్యండి. పరీక్షకి ప్లగ్గు పీకవద్దు. పీకితే ఎర్తు కూడా తెగిపోతుంది. గోడ స్విచ్చి ఆపితే ఫేజు మాత్రమే తెగి ఎర్తు నిలుస్తుంది. గడియారం చూసుకుని ఐదు నిమిషాలు నడవనివ్వండి, తరువాత స్విచ్చి వెయ్యండి. మన పత్రిక మూడు నెలలకొకసారి ఇంటికొస్తుంది కదా, అది వచ్చిన రోజే ఈ పరీక్ష పెట్టుకుంటే గుర్తుండిపోతుంది. యు.పి.ఎస్. వెనక యు.ఎస్.బి. రంధ్రం ఉంటే వైరుతో కంప్యూటరుకి కలపండి. ఇంట్లో ఎవరూ లేకపోయినా బ్యాటరీ అడుగంటేలోగా కంప్యూటరు తనంతట తాను సర్దుకుని ఆగుతుంది.

జనరేటరున్న అపార్టుమెంట్లవారికి ఒక ప్రత్యేక ఫిర్యాదు ఉంది: "జనరేటరు వచ్చింది, లిఫ్టు నడుస్తోంది, యు.పి.ఎస్. మాత్రం అరుస్తూనే ఉండి చివరికి ఆగిపోయింది." జనరేటరు మీద లోడు మారినప్పుడల్లా వోల్టేజీ, సెకనుకి 50 సార్లు ఊగాల్సిన కరెంటు వేగమూ ఊగిసలాడతాయి. యు.పి.ఎస్. దాన్ని నమ్మక బ్యాటరీ మీదే కూర్చుంటుంది. కొన్నిటికి ఆ పట్టు సడలించే ఏర్పాటు ఉంటుంది, పుస్తకం చూడండి. లేకపోతే అసోసియేషన్ వారితో మాట్లాడి జనరేటరు గవర్నరు సరిచేయించాలి. ఈ రెండో పనికి మీటింగులు ఎన్ని పడతాయో మీకు చెప్పక్కర్లేదు.

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్ళి ఆరు నెలలుండే పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. వెళ్ళేముందు యు.పి.ఎస్.ని నిండా ఛార్జి చేసి, దాని స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసెయ్యండి. ఊరికే ఉన్నా బ్యాటరీ కొంచెం కొంచెం కారిపోతుంది, పూర్తిగా ఖాళీ అయి నెలలు పడి ఉంటే సీసం పలకల మీద గట్టి పొర కట్టి ఇక ఛార్జి ఎక్కదు. తులసికి నీళ్ళు పోసే పక్కింటివారినే మూడో నెలలో ఒకసారి వచ్చి, ఇంట్లో ఉన్నంతసేపూ దగ్గరుండి, ఓ పూట ఛార్జింగు పెట్టమని అడగండి.

పాత బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యవద్దు. 2001 నుంచి ఉన్న నియమాల స్థానంలో 2022 ఆగస్టులో కొత్త బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి. వాడిన బ్యాటరీలు తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు. కొత్తది కొనేచోటే పాతది ఇచ్చి ధరలో తగ్గించుకోండి. బరువులో ఎక్కువ భాగం కరిగించి మళ్ళీ వాడుకునే సీసమే కాబట్టి దానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో అమర రాజా వారు ఈ బ్యాటరీలు చేస్తున్నారని చెప్పుకోవడం ఊరి మమకారమే, ప్రకటన కాదు. తోపుడుబండి మీద వచ్చే పాత సామానువాడికి ఇస్తే నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. కాని అది ఏ సందులోనో సుత్తితో పగిలి, ఆమ్లం కాలవలోకీ, సీసం పొడి అక్కడ ఆడుకునే పిల్లల ఒంట్లోకీ పోతుంది. పిల్లల మెదడుకి సీసం ఏ కాస్తయినా మంచిది కాదు.

స్టెబిలైజరు మీద నుంచి యు.పి.ఎస్.కి కరెంటు ఇవ్వవచ్చా అని కోరమంగల నుంచి ఒకరు అడిగారు. లైన్-ఇంటరాక్టివ్ రకమైతే దానికి లోపలే చిన్న స్టెబిలైజరు ఉంటుంది, ఇంకొకటి అక్కర్లేదు. రెండూ పెడితే ఒకటి పెంచుతుంటే ఒకటి తగ్గిస్తూ టిక్కు టిక్కుమని రాత్రంతా పోట్లాడుకుంటాయి. ఫ్రిజ్జుకి స్టెబిలైజరు కావాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం పెద్దది, దానికి వచ్చే సంచికలో.